సంతకాల పైన పన్నెండు గీతలు

మా విశ్రాంత ఉద్యోగుల సంఘంలో సంతకాలు ముందు పెడతాం, మీటింగు తరవాత జరుపుకుంటాం. కొత్తవాళ్లు వింటే నవ్వుతారు గానీ మా ఇబ్బందులు మావి. కార్యవర్గంలో తొమ్మిది మందిమి. ఒకాయనకి షుగరు, నాలుగయ్యేసరికి ఇంటికెళ్లి ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలి. ఇంకొకాయనకి విజయనగరం బస్సు తప్పితే మళ్లీ చాలాసేపు బస్సు లేదు. మరొకాయన కుర్చీలోనే నిద్రపోతాడు, లేపితే కోపం. అందుకని అందరూ వచ్చీ రాగానే మినిట్స్ పుస్తకం తెరిచి, పైన కొంత ఖాళీ వదిలి, కింద తొమ్మిది సంతకాలూ చేసేస్తాం. మాట్లాడుకున్నదేమిటో తరవాత నేను ఇంటికి తీసుకెళ్లి ఆ ఖాళీలో రాస్తాను.

ఎంత ఖాళీ వదలాలో అధ్యక్షులవారు చెబుతారు. ఆయన డిప్యూటీ తహసీల్దారుగా రిటైరైన మనిషి, కాగితాన్ని చూడగానే దాని పొడవు తెలిసిపోతుంది. ఎజెండా మీద ఓసారి కళ్లు తిప్పి, "ఇవాళ పెద్ద విషయాలేం లేవు సిస్టర్ గారూ, పన్నెండు గీతలు చాలు" అని పేజీ మీద వేలు పెట్టి చూపిస్తారు. అంటే మేమింకా నోరు తెరవకముందే మా మాటలకి ఎంత జాగా కావాలో నిర్ణయమైపోతుందన్నమాట.

వచ్చే నెల మీటింగులో నేను లేచి నిలబడి పోయిన నెల మినిట్స్ చదువుతాను. "ఆమోదమేనా?" అంటారు అధ్యక్షులవారు. తలలు ఊగుతాయి. దాంతో అది ఖాయం. అంతవరకూ అది చిత్తుప్రతే, ఎవరైనా లేచి ఫలానా మాట తప్పు అంటే దిద్దవచ్చు. కానీ నేను రాయడం మొదలుపెట్టిన ఆరేళ్లలో ఒక్కరూ ఒక్క అక్షరం దిద్దించలేదు. "గత సమావేశపు మినిట్స్ చదివి వినిపించగా సభ ఆమోదించినది" అన్న వాక్యాన్ని, చదవకముందే, నా ఎజెండా కాగితం మీద ఇంటి దగ్గర రాసుకుని మరీ వెళ్లేదాన్ని.

రాసే పని నాకెలా వచ్చిందంటే, కార్యవర్గంలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. "సిస్టర్ గారి రాత గుండ్రంగా ఉంటుందండీ" అని ఎవరో అన్నారు, పుస్తకం నా ముందుకి జరిగింది. సహాయ కార్యదర్శి అన్న హోదా కూడా ఇచ్చారు. మొహమాటపడ్డాను గానీ లోపల సంబరమే. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు ఆసుపత్రుల్లో నర్సుగా చేశాను. పెళ్లి చేసుకోలేదు. దాని వెనక పెద్ద కథేమీ లేదు, అందరూ ఆ కథ కోసం చెవులు రిక్కిస్తారు గనక ముందే చెబుతున్నాను. వార్డులో ఉన్నన్నాళ్లూ ఒక్క గంటలో యాభైసార్లు "సిస్టరూ" అన్న పిలుపు వినపడేది. ఎప్పుడు మానేస్తారా అనిపించేది. రిటైరైన మర్నాడే మానేశారు. చర్చి వెనక వీధిలో ఓ చిన్న వాటా అద్దెకు తీసుకుని, పొద్దున్నే లేచి, ఒక కప్పు టీ పెట్టుకుని, ఆ తరవాత ఏం చేయాలో తెలియక మంచం మీద కూర్చునేదాన్ని. సంఘం హాల్లో పేపర్లు చదువుకునే గది ఉందని తెలిసి వెళ్లాను. రోజూ వెళ్లాను. వెళ్లడానికి ఒక చోటు ఉంటే చాలనిపించే వయసది.

అప్ప అక్కడే పరిచయమైంది. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆమె నాకు తోబుట్టువు కాదు, చుట్టమూ కాదు. మొగుడు నెల్లిమర్లలో జూట్‌మిల్లు కూలీగా చేసి పోయాడు, తమ్ముడి ఇంట్లో ఉంటోంది. ఓ రోజు ఎండకి తాళలేక మంచినీళ్లడగడానికి మా హాలు మెట్లెక్కింది. అప్పటికే నాకు రెండు కళ్లలోనూ శుక్లాలు. ఒక కన్నుకి ఆపరేషన్ అయినా చూపు మసకగానే మిగిలింది, రెండోది ముదరాలంటూ వాయిదా వేస్తూ వచ్చారు. పేపరుని ముక్కుకి ఆనించి కూర్చున్నాను.

"ఏటి సిస్టరమ్మా, కాయితం వాసన సూస్తన్నావేటి?" అంది.

ఎప్పుడో నా చేత సూది వేయించుకుందట. నాకు గుర్తులేదు, ఆమెకి సూది గుర్తుంది. నా చేతిలోంచి పేపరు లాక్కుని, బల్ల మీద పరిచి, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. జుట్టు నెరిశాక పెద్దల బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్న మనిషి. అలా నేర్చుకున్నవాళ్లకి మనసులో చదువుకోవడం రాదు. పెదాలు కదలాలి, గొంతు రావాలి, అప్పుడే ఆ మాట అర్థమవుతుంది. ఒక్కో అక్షరాన్నీ కూడబలుక్కుని, చివరికి మాట దొరకగానే తలెత్తి నా వైపు చూసేది, దొరికిందా లేదా అన్నట్టు.

అలా రెండేళ్లపాటు రోజూ వచ్చింది. తొమ్మిదింటికి వస్తే పేపరు పూర్తయ్యేసరికి మధ్యాహ్నం అయ్యేది. ముందు నోటీసు బోర్డు మీద ఏముంటే అది చదివేది, పాత నోటీసైనా సరే. తరవాత చావుల పేజీ, తరవాత మిగతావి. భోగాపురం విమానాశ్రయం గురించి వార్త వస్తే వదిలేది కాదు. "ఇమానం మన మీద నుంచే ఎల్తాదేటి? ఎల్తే మన హాలు కనిపిస్తాదా ఆళ్లకి?" అని అడిగేది. నాకేం తెలుసు, నేను బస్సు తప్ప ఎరగను. కనిపిస్తుందిలే అనేదాన్ని. ఆ రెండేళ్లలో నేను నవ్విన నవ్వు అంతకుముందు పదేళ్లలో నవ్వలేదు. సిగ్గుపడకుండా చెబుతున్నాను, నాకు స్నేహితురాలంటూ ఉన్నది ఆమె ఒక్కతే.

చదివే గదిలో గొంతు ఎత్తితే పక్కవాళ్లకి ఇబ్బందే, కాదనను. గళ్లనుడికట్టు నింపే ఒకాయన ఉన్నారు, అప్ప నోరు తెరవగానే పెన్సిలు కింద పెట్టేసేవారు. ఆయన అధ్యక్షులవారికి చెప్పారు. అధ్యక్షులవారు నిబంధనావళి తిరగేశారు. చదివే గది సభ్యులకోసం అని ఉంది. అప్ప సభ్యురాలు కాదు, కాలేదు, ఆమెకి సర్కారు పింఛను లేదు. ఆ నెల ఎజెండాలో నాలుగో అంశంగా అది ఎక్కింది.

ఆదివారం. ఆరాధన అయ్యాక భోంచేసి, బైబిలున్న సంచీలోనే మినిట్స్ పుస్తకం కూడా పెట్టుకుని వెళ్లాను. పన్నెండు గీతలు వదిలి సంతకాలు చేశాం. మొదటి అంశం మామూలే. రెండోది ఫ్యాను రిపేరు. మూడోది పోయిన సభ్యుడొకాయనకి సంతాపం. నాలుగోది వచ్చేసరికి టీ కూడా వచ్చింది. "సభ్యులు కానివారిని రానివ్వకూడదని అనుకుంటున్నాం, ఏమంటారు?" అన్నారు అధ్యక్షులవారు. నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోలేదనే ఆ సాయంత్రం అనుకున్నాను, ఆ తరవాత నెలంతా కూడా అలాగే అనుకున్నాను.

ఇంటికొచ్చి రాయడానికి కూర్చున్నాను. ఆ కళ్లతో రాస్తే అక్షరాలు ఉసిరికాయలంత వచ్చాయి. పోయినాయన సంతాపానికే నాలుగు గీతలు పట్టాయి. బతికున్నప్పుడు ఆయనంటే ఎవరికీ గిట్టేది కాదు, పోయాక మృదుస్వభావి, స్నేహశీలి, సంఘానికి తీరని లోటు. సంతాపంలో మాట తగ్గించడానికి వీల్లేదు, వాళ్లింటికి నకలు పంపాలి. నాలుగో అంశానికి వచ్చేసరికి రెండే రెండు గీతలు మిగిలాయి. కింద సంతకాలు కాచుక్కూర్చున్నాయి. "సభ్యులు కానివారిని పఠన మందిరములోనికి అనుమతించరాదని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని రాశాను. సరిగ్గా సరిపోయింది. ఆ 'ఏకగ్రీవంగా' నేను ఆలోచించి రాసింది కాదు. ఆరేళ్లుగా ప్రతి తీర్మానానికీ రాస్తున్నాను, చెయ్యే రాసేసింది. అధ్యక్షులవారు చెప్పినట్టు అదే వాక్యాన్ని ఇంకో కాగితం మీద పెద్దక్షరాలతో రాసి, మర్నాడు పొద్దున్న నోటీసు బోర్డుకి నేనే గుచ్చాను.

గుచ్చి లోపలికెళ్లి కూర్చున్నాను. అప్పకి నేనే నెమ్మదిగా చెబుదామనుకున్నాను, ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాను. ఆమె ముందు నోటీసు బోర్డు చదువుతుందన్న సంగతి, రెండేళ్లు చూసీ, ఆ పూట మరిచిపోయాను. వరండాలోంచి గొంతు వినపడింది. "స...భ్యు...లు... కా...ని... వా...రి...ని..." ఒక్కొక్క అక్షరం. నాకు లేచి వెళ్లి ఆపే ధైర్యం లేకపోయింది. మంచంలో రోగికి చెప్పలేని సంగతి చెప్పాల్సి వచ్చినప్పుడు కూడా నేనలా కుర్చీ వదలకుండా కూర్చోలేదు. చివరిదాకా చదివింది.

"సిస్టరమ్మా, ఏకగ్రీవమంటే ఏటి?" అని గుమ్మంలోంచి అడిగింది.

"అందరూ ఒప్పుకున్నారని అప్పా."

"అందరూ అంటే, నువ్వూనా?"

నేను కాదని చెప్పేలోపే ఆమె మళ్లీ బోర్డు వైపు తిరిగింది. "నీ అచ్చరాలే కదా ఇవి. నీ రాత నాకు తెలుసు" అంది. కోపంగా అనలేదు. మెట్ల కింద విడిచిన చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. గళ్లనుడికట్టు ఆయన పెన్సిలు చేతిలోకి తీసుకున్నారు.

మూడు రోజులు చూసి వాళ్లింటికెళ్లాను. పేపరు నేనే కొంటాను, మా ఇంటికి రా, ఇద్దరం చదువుకుందాం అన్నాను. అదేం పెద్ద పనా అన్నట్టే అన్నాను. అప్ప తలడ్డంగా ఊపింది.

"నీ ఇంటికొస్తే నీకు సదివిపెట్టినట్టుంటాది సిస్టరమ్మా. అక్కడైతే నాను సదువుకున్నట్టుండేది. ఆ కుర్సీ, ఆ బల్ల, సుట్టూరా అంత పెద్ద ఉద్యోగాలు సేసినోలు. నాను కూడా ఆళ్లలో కూకున్నాననిపించేది. నీకు అర్థం కాదులే."

అర్థమైంది. అర్థమయ్యాక ఇంకా పాడుగా అనిపించింది. ఆమె వచ్చేది నా కోసమే అనుకుని మురిసిపోయాను గదా, నా కోసం కాదు, కుర్చీ కోసం. ఆ కుర్చీ ఆమెకి దక్కకుండా తీర్మానం రాసింది నేను. దారి పొడుగునా ఆమె మీదే కోపం వచ్చింది. నాతో పోట్లాడవచ్చు కదా, తిట్టవచ్చు కదా, ఒసే అనవచ్చు కదా. ఏమీ అనకుండా పోతే నేనేం చేయను?

ఆ నెల చాలా పొడుగ్గా గడిచింది. హాలుకి వెళితే మసక కళ్లతో పెద్ద హెడ్డింగులు మాత్రం చదవగలిగేదాన్ని. మిగతా పేజీ అంతా నల్లటి చీమలబారు. గదిలో నిశ్శబ్దం ఎంత బాగుందో అని ఒకాయన అన్నారు. ఇంటికొస్తే అక్కడా నిశ్శబ్దమే. టీవీ పెట్టుకునేదాన్ని, బొమ్మ సరిగ్గా కనిపించదు గనక గొంతులు వినేదాన్ని. ఒక్కోరోజు సాయంత్రానికి గుర్తొచ్చేది, పొద్దుట్నించీ నేనెవరితోనూ ఒక్క మాటా మాట్లాడలేదని. పాలవాడితో తప్ప. అతనితో కూడా "రేపు వద్దు" అని.

అప్పుడు నాకు తట్టింది. మినిట్స్ ఇంకా ఆమోదం కాలేదు కదా. వచ్చే మీటింగులో నేనే లేచి, ఇక్కడ తప్పుంది, తీర్మానం ఏకగ్రీవం కాదు, సహాయ కార్యదర్శి అభ్యంతరం తెలిపారు, జాగా చాలక రాయలేదు, దిద్దండి అంటాను. దిద్దిన పేజీ అప్పకి చూపిస్తాను. ఆమె వేలు పెట్టి చదువుకుంటుంది. చదివితే నమ్ముతుంది, ఎందుకంటే ఆమె చదివినదాన్నే నమ్ముతుంది. ఆ ఒక్క ఆలోచనతో మిగిలిన రోజులు గడిపాను. అద్దం ముందు నిలబడి ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు అప్పజెప్పుకున్నానో.

ఆదివారం వచ్చింది. సంతకాలకి పేజీ తెరిచాం. "పన్నెండు చాలు" అన్నారు అధ్యక్షులవారు. "ఇవాళ ఇరవై వదలండి" అన్నాను. ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, సరే అన్నారు. నేను లేచి పోయిన నెల మినిట్స్ చదివాను. నాలుగో అంశం చదివి ఆగాను.

"ఇందులో తప్పుందండీ. అందరూ ఒప్పుకోలేదు. నేను అభ్యంతరం చెప్పాను. అది రాయలేదు. దిద్దాలి."

నిద్రపోయే ఆయన కూడా కళ్లు తెరిచారు. అధ్యక్షులవారు పెద్దమనిషి, వెటకారం చేయలేదు. "తప్పకుండా దిద్దుదాం సిస్టర్ గారూ. మీరు ఆ రోజు ఏమన్నారో ఆ మాట చెప్పండి, ఉన్నదున్నట్టు రాద్దాం" అన్నారు.

నోరు తెరిచాను. మనసులో ఆ సాయంత్రాన్ని వెతుక్కున్నాను. టీ కప్పు గుర్తొచ్చింది, ఫ్యాను చప్పుడు గుర్తొచ్చింది, అక్కడ లేని అప్ప మొహం కూడా గుర్తొచ్చింది. నా గొంతు గుర్తు రాలేదు.

షుగరాయన సాయం చేయబోయారు. ఆయన మంచివాడు. "నేను పక్కనే ఉన్నానండీ, నాకు గుర్తుంది. సిస్టర్ గారు 'పాపమండీ, పెద్దావిడ' అన్నారు. తరవాత టీ అందుకున్నారు" అన్నారు.

ఎవరో సన్నగా నవ్వారు. అధ్యక్షులవారు కలం పట్టుకుని ఇబ్బందిగా అన్నారు, "పాపం అన్నమాటని అభ్యంతరమని ఎలా రాస్తామమ్మా?"

నిజమే, అదే అన్నాను. అంతే అన్నాను. ఆ మాటతోనే నా బాధ్యత తీరిపోయినట్టు కప్పు అందుకున్నాను. నెలరోజులుగా నేను జాగా లేదని పన్నెండు గీతల మీద నెపం వేస్తూ వచ్చాను. వంద గీతలు వదిలినా అందులో రాయడానికి నా దగ్గర మాటంటూ లేదు. వార్డులో మొదటి రోజే మాకు నేర్పేది ఒకటే, ఇవ్వని మందు ఇచ్చినట్టు చార్టులో రాయకూడదని. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ రాయలేదు. ఇప్పుడు రాయించబోయాను.

"మినిట్స్ సరిగ్గానే ఉన్నాయండీ. ఆమోదించండి" అన్నాను. తలలు ఊగాయి.

కూర్చోలేదు. "ఆ రోజు చెప్పలేదు, ఇవాళ చెబుతున్నాను. ఆ తీర్మానం నాకిష్టం లేదు. ఆవిడ వచ్చి చదువుకుంటే మనకి పోయేదేం లేదు. రానివ్వండి" అన్నాను. అధ్యక్షులవారు చేతులెత్తమన్నారు. నాది ఒక్కటే లేచింది. షుగరాయన తన చెప్పుల వైపు చూసుకున్నారు. చేయి దించేటప్పుడు ఆ గదిలో నా అంత ఒంటరి మనిషి లేదనిపించింది, కానీ పోయిన నెల రోజుల ఒంటరితనం కన్నా అది నయంగానే ఉంది.

ఇంటికొచ్చి ఈసారి ఆ అంశమే ముందు రాశాను, జాగా తక్కువైందన్న సాకు లేకుండా. సహాయ కార్యదర్శి తీర్మానాన్ని వ్యతిరేకించి మార్చమని కోరినారనీ, మిగిలిన ఎనమండుగురు ఒప్పుకోలేదనీ. మర్నాడు పుస్తకం సంచీలో వేసుకుని అప్ప దగ్గరికి నడిచాను.

వీధరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. చేతులు చీరకి తుడుచుకుని పుస్తకం తీసుకుంది. వేలు పెట్టింది. "స...హా...య... కా...ర్య..."

"అది నేనే" అన్నాను.

"తెలుసు. ఉండు, సదవనీ."

అంతా చదివింది, కింద ఉన్న సంతకాలతో సహా. ఎండ నా నెత్తి మీద ఉంది, అరుగు కిందే నిలబడ్డాను. చదవడం అయ్యాక తలెత్తి చూసింది.

"అయితే రేపట్నించి నాను రావొచ్చా?"

"లేదప్పా. తీర్మానం అలాగే ఉంది."

"మరిదేటికి తెచ్చినావు?"

అడిగినదానికి కాక, చెప్పాల్సినదాన్ని చెప్పాను. "ఆ మొదటి రోజు నేను కాదనలేదప్పా. కాదన్నాననే అనుకున్నాను. పాపం, పెద్దావిడ అన్నానట. అంతే అన్నాను."

అప్పకి కోపం వస్తుందేమో, వస్తే బాగుండు అనుకున్నాను. రాలేదు. అట్ట మీద చింతపండు అంటుకుంటే చీర చెంగుతో తుడిచి, పుస్తకం మూసి నా చేతిలో పెట్టింది. లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది.

"పాపం, ఇంత ఎండలో మోసుకొచ్చినావు. నీళ్లు తాగి ఎల్లు సిస్టరమ్మా" అంది.

మళ్లీ కూర్చుని గింజలు తీయసాగింది. ఆ 'పాపం' అన్న మాట ఆ రోజు నేను ఎంత దయగా అన్నానో, ఆమె కూడా అంతే దయగా అంది. నీళ్లు తాగి, చెంబు అరుగు మీద పెట్టి, పుస్తకం సంచీలో వేసుకుని వచ్చేశాను.